నోకియా నుంచి ఆండ్రాయిడ్‌కు రెండోసారి: ఒక బదిలీ డైరీ

20 జనవరి 2024, శనివారం, బెంగళూరు

సంక్రాంతికి నెల్లూరు వెళ్లినప్పుడు అమ్మ బీరువా అడుగు అరలో, పాత కరెంటు బిల్లుల కట్ట కింద, నా నోకియా ఈ71 దొరికింది. 2008 చివరలో కొన్న ఆ ఫోనును 2011 ఏప్రిల్‌లో పక్కన పెట్టి ఎల్‌జీ ఆప్టిమస్ వన్ అనే ఆండ్రాయిడ్ ఫోను తీసుకున్నాను. ఆ ఏడాది ఫిబ్రవరి 11న నోకియా తన స్మార్ట్‌ఫోన్లకు మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్‌ను ప్రధాన ప్లాట్‌ఫాంగా ఎంచుకున్నట్టు ప్రకటించింది. ఈ71ను నడిపే సింబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇక ముందు రోజులు లేవని నాలాంటి వాళ్లకు అప్పుడే అర్థమైంది. నేను మారడానికి కారణం అదొక్కటే. ఈ71 మీద నాకు వేరే ఫిర్యాదు ఏమీ లేదు.

మారిన రోజున దుకాణంలోని కుర్రవాడు పేర్లన్నిటినీ సిమ్ కార్డులోకి ఎక్కించి, కొత్త ఫోనులోకి దించి ఇచ్చాడు. పది నిమిషాల్లో పని ముగిసిందని సంతోషించాను. నష్టం ఎంతటిదో తర్వాత నెలల తరబడి కొంచెం కొంచెంగా తెలిసివచ్చింది. నా సిమ్‌లో పట్టేది 250 పేర్లు; ఒక్కో పేరుకు ఇంగ్లీషు అక్షరాలు 14, నంబరు ఒకటి. ఇల్లు, ఆఫీసు, సెల్లు అనే గుర్తులకు అందులో చోటు లేదు. చిరునామాకు, పుట్టినరోజుకు, మనం రాసుకున్న నోట్సుకు అసలే లేదు. ఒకే మనిషికి మూడు నంబర్లున్న చోట ముగ్గురు మనుషులయ్యారు. వెంకటేశ్వర అనే పేరు ఇంగ్లీషులో 12 అక్షరాలు. ఆపైన ఒక ఖాళీ, ఒక అక్షరం మాత్రమే పడతాయి. అందువల్ల వెంకటేశ్వర రావు, వెంకటేశ్వర రెడ్డి ఇద్దరూ 'ఆర్' దగ్గర తెగిపోయి ఒకే పేరుగా మిగిలారు. ఆ రెండు పేర్లూ ఈనాటికీ నా ఫోనులో అలాగే ఉన్నాయి. ఎవరికి ఫోను చేస్తున్నానో అవతలి వారు పలికే దాకా నాకు తెలియదు.

ఆ బదిలీని ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి, శ్రద్ధగా చేయాలని నిశ్చయించుకున్నాను. నా ఆప్టిమస్ వన్ ఇంకా బతికే ఉంది. మా బావ కొన్నాళ్లు వాడి వదిలేసిన ఐఫోన్ 3జీఎస్‌ను, ఇక్కడే ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మేనల్లుడు తెచ్చి ఇచ్చాడు. ఈ71లో ఉన్నదంతా ఆ రెండింటిలోకీ, ఆ తర్వాత నేను ఇప్పుడు వాడుతున్న ఫోనులోకీ పంపి, ఏ దారిలో ఏది చేరింది, ఏది రాలిపోయింది అన్నది ఈ డైరీలో రాస్తాను.

27 జనవరి, శనివారం

ఈ71 బ్యాటరీ ఉబ్బి, వెనుక మూతను పైకి నెట్టేస్తోంది. అలాంటి దానికి చార్జింగ్ పెట్టకూడదు కనుక ఉదయమే మేనల్లుడూ నేనూ మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్‌పీ రోడ్డుకు వెళ్లాము. బీపీ-4ఎల్ అనే ఈ బ్యాటరీ ఒకప్పుడు నోకియా ఈ-సిరీస్ ఫోన్లు చాలా వాటికి సరిపోయేది కావడం వల్ల, దాని నకళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని దుకాణదారు, "మీది నెల్లూరు వైపా అన్నా? మాది మదనపల్లి" అంటూ లోపలి గది నుంచి రెండు బ్యాటరీలు తెచ్చి, మీటరు పెట్టి వోల్టేజి చూసి మంచిది ఏరి ఇచ్చాడు. సన్న పిన్ను నోకియా చార్జరు కూడా అక్కడే దొరికింది. ఈ71కు పక్కన మైక్రో యూఎస్‌బీ రంధ్రం ఉన్నా, దాని గుండా డేటా మాత్రమే నడుస్తుంది. చార్జింగ్‌కు 2 మిల్లీమీటర్ల గుండ్రటి పిన్నే కావాలి.

సాయంత్రం ఫోను లేచింది. తేదీ, సమయం అడిగింది, చెప్పాను. నా నానో సిమ్‌ను ప్లాస్టిక్ చట్రంలో బిగించి పెట్టగానే ఎయిర్‌టెల్ 2జీ సిగ్నల్ అందుకుంది. ఆ కంపెనీ 3జీని ఎప్పుడో ఆపేసింది గాని 2జీ ఇంకా నడుస్తోంది. అమ్మకు ఫోను చేశాను. గొంతు స్పష్టంగా వినిపించింది.

28 జనవరి, ఆదివారం

ఈ రోజంతా ఈ71తోనే గడిచింది. 369 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసరు, 320 గుణించు 240 చుక్కల తెర, 127 గ్రాముల బరువు. బొటనవేళ్లు కీబోర్డు మీద పెట్టగానే పాత అలవాటు తిరిగొచ్చింది. మెనూ మీట నొక్కి పట్టుకుంటే నడుస్తున్న అప్లికేషన్లన్నీ వరుసగా కనిపిస్తాయి. ఒకదాన్ని వదిలి ఇంకొకదానికి వెళ్లినా మొదటిది ఆగదు. ఐఫోన్‌లో బయటి అప్లికేషన్లకు ఇలాంటి వెసులుబాటు 2010లో ఐఓఎస్ 4తో గాని రాలేదు. కాపీ, పేస్టు అయితే 2009 జూన్‌లో వచ్చిన 3.0 దాకా అందులో లేనే లేవు. 2008 ఆగస్టు 22న ఐఫోన్ 3జీ మన దేశంలోకి 31,000 రూపాయల ధరతో అడుగుపెట్టినప్పుడు, ఈ71 వైపు మొగ్గిన మేము దాన్ని చూసి ఎందుకు అంతగా చలించలేదో ఈ తరం వాళ్లకు చెప్పడం కష్టం. మేనల్లుడు ఈ71ను పది నిమిషాలు తిప్పి, "మామయ్యా, ఇందులో ప్రతిదానికీ ఆప్షన్స్ నొక్కాలేంటి?" అని అడిగాడు. వాడన్నది నిజం. చేయగల పనులు ఎక్కువే గాని, ప్రతి పనీ మూడు మెనూల లోతున దాగి ఉంటుంది.

ముందుగా మొత్తం ఫోనును మెమొరీ కార్డులోకి బ్యాకప్ తీశాను. ఏదైనా ప్రయోగం చేసే ముందు ఈ పని తప్పనిసరి. ఆ తర్వాత కాంటాక్ట్స్ తెరిచి, అన్నిటినీ గుర్తించి, కాపీ అనే ఆదేశం కింద మెమొరీ కార్డును ఎంచుకున్నాను. కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో చూస్తే, అదర్స్ అనే ఫోల్డరు లోపలి కాంటాక్ట్స్‌లో, మనిషికి ఒకటి చొప్పున 437 వీకార్డ్ ఫైళ్లు (ఒకరి పేరు, నంబర్లు, చిరునామా దాచే ఫైళ్లు) ఉన్నాయి. ఇంటర్నెట్ లేదు, ఖాతా లేదు, పాస్‌వర్డు లేదు, కంప్యూటరులో ప్రత్యేక సాఫ్ట్‌వేరు లేదు. 437 మందీ తమ మూడేసి నంబర్లతో, చిరునామాలతో, నేను రాసుకున్న నోట్సుతో సహా బయటికి వచ్చారు. ఈ దారి 2011లోనూ ఉంది. దుకాణంలో ఆ కుర్రవాడికీ తెలియదు, పక్కన నిలబడ్డ నాకూ తెలియదు.

437లో 250 పోగా కనీసం 187 మంది అప్పట్లోనే రాలిపోయారన్న మాట. వారిలో కొందరి పేర్లు చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మేనల్లుడికి ఇంకో కోరిక పుట్టింది. ఈ71లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నడుస్తుందని ఎక్కడో చదివాడట. నోకియా తన ఎస్60 ఫోన్ల (సింబియన్ మీద నడిచే ఈ71 లాంటి ఫోన్ల) కోసం పైథాన్‌ను విడుదల చేసిన మాట నిజమే. ఫైలు దొరికింది గాని, ఇన్‌స్టాల్ చేయబోతే సర్టిఫికెట్ గడువు ముగిసిందని ఫోను నిరాకరించింది. ఎస్60 మూడో ఎడిషన్ నుంచి సింబియన్ ప్రతి అప్లికేషన్ మీదా డిజిటల్ సంతకం కోరుతుంది. ఆ సంతకానికి గడువు ఉంటుంది. ఆ గడువును ఫోను తన గడియారంతో పోల్చి చూసుకుంటుంది. ఆ రోజుల్లో అందరూ చేసిన పనే మేమూ చేశాము: తేదీని 2009కి వెనక్కి తిప్పి, ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ ముందుకు తెచ్చాము. నల్లని చిన్న తెర మీద వాడు రాసిన రెండు వరుసల ప్రోగ్రాం నడిచింది. భద్రత కోసం కట్టిన గోడ మామూలు వాడుకదారులను ఎంత విసిగించిందో, చిన్న డెవలపర్లను ఎంత దూరం చేసిందో నాకు బాగా గుర్తుంది. సింబియన్ క్షీణతకు తాకే తెర ఆలస్యం కావడం ఒక్కటే కారణమని నేను అనుకోను.

3 ఫిబ్రవరి, శనివారం

వీకార్డ్ ఫైలు తెరిస్తే లోపల మామూలు అక్షరాలే ఉంటాయి, కనుక ఏం వచ్చిందో కంటితో చదువుకోవచ్చు. నోకియా రాసేది 1996 నాటి 2.1 వెర్షన్. 1998లో 3.0, 2011లో 4.0 వచ్చినా, పాతదాన్ని నేటి ఫోన్లు కూడా చదువుతున్నాయి. ఆ మూడు వెర్షన్ల మధ్య తేడాల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినది అక్షరాలను మడిచి రాసే పద్ధతి. 2.1లో ఇంగ్లీషు కాని అక్షరం వస్తే దాని బైట్లను సమాన గుర్తులతో విడగొట్టి రాస్తారు. వరుస పొడవైతే చివర ఒక సమాన గుర్తు పెట్టి కింది వరుసలో కొనసాగిస్తారు. ఈ ఫైళ్లను చదివి సరిచేయడానికి మేనల్లుడు రాసిన మొదటి స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) ఆ కొనసాగింపును గమనించలేదు. అందువల్ల పొడవైన చిరునామాలు సగంలో తెగాయి. మధ్యాహ్నానికి సరిచేశాడు.

నంబర్ల సంగతి వేరు. 2008లో ఇతర సర్కిళ్ల సెల్లు నంబర్లకు ముందు సున్నా నొక్కేవాళ్లం, కనుక నా జాబితాలో సగం నంబర్లు సున్నాతో మొదలవుతాయి. కొన్ని ల్యాండ్‌లైన్లకు ఎస్‌టీడీ కోడు ఉంది, కొన్నిటికి లేదు. సున్నా ఉన్న చోట తీసేసి +91 చేర్చడం సులువే. నెల్లూరు 0861 అయినా, బెంగళూరు 080 అయినా సూత్రం ఒకటే. కోడు లేని వాటికి మాత్రం అంకెలు లెక్కపెట్టాల్సి వచ్చింది. 7 అంకెలుంటే నెల్లూరు, 8 ఉంటే బెంగళూరు అని తీర్మానించి, ఒక్కొక్కటీ నేనే సరిచూశాను. ఈ పనిని యంత్రానికి వదిలితే మా చిన్నాన్న ఇల్లు బెంగళూరుకు వచ్చేస్తుంది.

పేర్ల వరుస గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. వీకార్డ్‌లో పేరుకు కేటాయించిన వరుసలో మొదట ఇంటిపేరు, సెమికోలన్ తర్వాత సొంత పేరు రాయాలని నియమం. చూపేటప్పుడు మాత్రం చాలా ఫోన్లు సొంత పేరునే ముందు చూపుతాయి. మనం ఇంటిపేరుతో మొదలుపెట్టి పిలిచే జాతి వాళ్లం. బంధువర్గంలో నలుగురు శ్రీనివాసులుంటే వారిని వేరు చేసేది ఇంటిపేరే. నేను ఈ71లో కొందరికి రెండు గడులూ సరిగా నింపాను, కొందరి పేరంతా మొదటి గడిలోనే కుక్కాను. ఫలితంగా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తే సగం మంది ఒక వరుసలో, సగం మంది తిరగేసిన వరుసలో కనిపించారు. తప్పు ఫోనుది కాదు, నేను నింపిన తీరుది. ఐఫోన్‌లో పేర్లను ఏ క్రమంలో అమర్చాలి, ఏ క్రమంలో చూపాలి అన్న రెండు సెట్టింగులు విడివిడిగా ఉండడం నాకు చాలా నచ్చింది. ఆ ఆలోచన చేసిన వారెవరో పేర్ల మీద గౌరవం ఉన్నవారు.

11 ఫిబ్రవరి, ఆదివారం

ఆప్టిమస్ వన్ వంతు వచ్చింది. ఆండ్రాయిడ్ 2.2, 600 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసరు, 320 గుణించు 480 చుక్కల తెర. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, 437 ఫైళ్లను ఒకే ఫైలుగా కలిపి, మెమొరీ కార్డులో పెట్టి, ఇంపోర్ట్ నొక్కాము. నాలుగు నిమిషాలు పట్టింది. మనుషులందరూ వచ్చారు, మూడేసి నంబర్లు ఒకే పేరు కింద, ఇల్లు, ఆఫీసు గుర్తులతో సహా చేరాయి. 2011లో ఇదే ఫోనులో, ఇదే మెనూలో ఈ సౌకర్యం ఉంది.

అయితే అంతకుమించి ముందుకు పోలేకపోయాము. ఆండ్రాయిడ్ 2.3.7, అంతకంటే పాత వెర్షన్ల నుంచి ఖాతాలోకి ప్రవేశించడాన్ని గూగుల్ 2021 సెప్టెంబరు 27 నుంచి ఆపివేసింది. ఖాతా లేకపోతే మార్కెట్ (అప్లికేషన్లు దించుకునే చోటు) లేదు, మెయిలు లేదు, పేర్ల సింక్ లేదు. క్యాలెండరు తెరిస్తే ముందు ఖాతా జోడించమంటుంది. జోడించే వీలు లేదు. ఈ71లో నేను రాసుకున్న 19 పెళ్లిరోజులు, పుట్టినరోజులు ఈ ఫోనుకు ఇచ్చే దారే కనబడలేదు. బ్రౌజరు కూడా దాదాపు నిరుపయోగం. ఇప్పటి వెబ్‌సైట్లు కోరే కొత్త గుప్తీకరణ పద్ధతులు దానికి తెలియవు.

ఇక్కడ న్యాయంగా రెండో వైపు కూడా రాయాలి. 2012లో మెజెస్టిక్ బస్టాండులో ఒక ఆండ్రాయిడ్ ఫోను పోగొట్టుకున్నాను. కొత్తది కొని ఖాతా పేరు, పాస్‌వర్డు కొట్టగానే అరగంటలో పేర్లన్నీ తిరిగొచ్చాయి. పోయింది ఈ71 అయితే, చివరిసారి కార్డులోకి కాపీ తీసిన రోజు దాకా ఉన్నవే మిగిలేవి, అదీ కార్డు ఫోనులోనే ఉంటే ఏమీ మిగిలేది కాదు. సింబియన్ దృష్టిలో అసలైన కాపీ ఫోనులో ఉంటుంది. ఆండ్రాయిడ్ దృష్టిలో అసలైన కాపీ సర్వరులో ఉంటుంది, ఫోనులో ఉన్నది దాని నకలు. మొదటిది ఫోనుతో పాటే పోతుంది. రెండోది సర్వరు తలుపు మూసిన రోజున అందకుండా పోతుంది. తెరల పరిమాణం, ప్రాసెసరు వేగం, అప్లికేషన్ల సంఖ్య పోల్చుకుంటూ ఆ రోజుల్లో మేము గంటల తరబడి వాదించుకున్నాము గాని, ఈ తేడాను గురించి ఒక్కరమూ మాట్లాడలేదు.

17 ఫిబ్రవరి, శనివారం

ఐఫోన్ 3జీఎస్‌లో ఐఓఎస్ 6.1.6 ఉంది, ఆ నమూనాకు అందిన చివరి వెర్షన్ అదే. ఈ71 నుంచి బ్లూటూత్‌లో ఒక పేరును పంపబోయి వెంటనే విరమించుకున్నాము, ఎందుకంటే ఐఫోన్ బ్లూటూత్‌లో ఫైళ్లను తీసుకోదు. నోకియా ఫోన్ల మధ్య విజిటింగ్ కార్డులు బ్లూటూత్‌లో పంపుకోవడం అలవాటైన వారికి ఇది పెద్ద లోటుగా అనిపించేది.

ఐఫోన్‌కు సహజమైన దారి ఐట్యూన్స్. 2011 అక్టోబరులో ఐఓఎస్ 5 వచ్చే దాకా కొత్త ఐఫోన్‌ను ఐట్యూన్స్ ఉన్న కంప్యూటరుకు కలపనిదే వాడుక మొదలయ్యేది కాదు. అంటే వీరి లెక్కలో అసలైన కాపీ ఇంట్లోని కంప్యూటరులో ఉంటుంది. ల్యాప్‌టాప్‌లోని విండోస్ కాంటాక్ట్స్‌లోకి వీకార్డులు ఎక్కించబోతే, ప్రతి మనిషికీ ఒక కిటికీ తెరుచుకుని ఓకే అడుగుతోంది. 437 సార్లు నొక్కే ఓపిక లేక వాటిని పట్టికగా మార్చి ఎక్కించాము. అక్కడి నుంచి ఐట్యూన్స్ ద్వారా ఫోనులోకి చేరాయి. చేరిన తర్వాత మూడింటిలోకీ చూడముచ్చటైన పేర్ల జాబితా ఐఫోన్‌దే, ఇందులో సందేహం లేదు. వేలితో జరిపితే జారే తీరు 2009 నాటి పరికరంలో కూడా ఇంత సాఫీగా ఉండడం మేనల్లుడిని ఆశ్చర్యపరిచింది.

18 ఫిబ్రవరి, ఆదివారం

తెలుగు పరీక్ష. మా అత్తయ్య పేరు జ్ఞానప్రసూన. శ్రీకాళహస్తి అమ్మవారి పేరు పెట్టుకున్నారు. ఆ పేరును తెలుగు లిపిలో రాసిన ఒక వీకార్డును మూడు ఫోన్లలోకీ పంపాము. ఐఫోన్ కోసం ల్యాప్‌టాప్‌లో చేత్తో టైపు చేశాను.

ఈ71లో ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఆప్టిమస్ వన్‌లోనూ డబ్బాలే. ఐఫోన్‌లో పేరు చక్కగా, ఒత్తులతో సహా కనిపించింది. ఆండ్రాయిడ్ మూల వ్యవస్థలోకి తెలుగు, కన్నడం, మలయాళం 2012లో 4.1 వెర్షన్‌తో వచ్చాయి. మెనూలతో సహా ఫోనంతా తెలుగులోకి మార్చుకునే వీలు 2014లో 5.0తో కలిగింది. అంతకుముందు తెలుగు చదవాలంటే ఒపేరా మినీలోని రహస్య సెట్టింగుల పుటకు వెళ్లి, క్లిష్ట లిపులను బొమ్మలుగా చూపించమనే ఎంపికను మార్చేవాళ్లం. ఆ ఉపాయం ఎవరో చెప్పగా 2010లో ఈ71 తెర మీద మొదటిసారి తెలుగు వార్త చదివిన సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఐఫోన్‌కూ ఈ అక్షరంతో ఒక గండం గడిచింది: 2018 ఫిబ్రవరిలో జ్ఞ మీద దీర్ఘం ఒక ప్రత్యేక రీతిలో కూర్చి పంపితే, అప్పటి ఐఓఎస్ 11లో మెసేజీల అప్లికేషన్లు కుప్పకూలేవి. ఆ నెల 19న 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిచేసింది.

డబ్బాలు చూసి నిరాశపడకుండా ఇంకో అడుగు వేశాము. ఈ71 నుంచి, ఆప్టిమస్ వన్ నుంచి అత్తయ్య కార్డును మళ్లీ బయటికి తీసి ల్యాప్‌టాప్‌లో తెరిచాము. రెండింటిలోనూ ఒక్క బైటు తేడా లేకుండా జ్ఞానప్రసూన అనే ఉంది. సింబియన్ మొదటి నుంచీ పాఠాన్ని 16 బిట్ల యూనికోడ్‌లోనే (అన్ని లిపులకూ చోటున్న సంకేత పద్ధతిలోనే) దాచుకుంటుంది; గీసి చూపే ఫాంటు లేకపోయినా దాచినదాన్ని చెడగొట్టలేదు. ఇది తెలిసి ఉంటే అప్పుడే పేర్లన్నీ తెలుగులో రాసుకునేవాణ్ణి.

24 ఫిబ్రవరి, శనివారం

ఎస్సెమ్మెస్‌లు. ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ భయపడినది, ఎక్కువ కోరుకున్నది ఇదే. 2011లో ఒక్క మెసేజీ కూడా కొత్త ఫోనుకు రాలేదు.

కార్డులోని బ్యాకప్ ఫైళ్లను ఎన్‌బీయూ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో తెరిచాము. 1,912 మెసేజీలు కనిపించాయి. ఒక్కొక్కటి వీఎంజీ అనే ఫైలుగా బయటికి వస్తుంది. అందులో చదివారా లేదా, వచ్చినదా పంపినదా, ఎప్పుడు అన్న వివరాలు ఉంటాయి. వీటిని ఇప్పటి ఆండ్రాయిడ్‌లో ఎస్సెమ్మెస్ బ్యాకప్ అండ్ రిస్టోర్ అనే యాప్ చదివే ఎక్స్‌ఎంఎల్ రూపంలోకి మార్చడం పని. మేనల్లుడి స్క్రిప్టు మొదటిసారి చెత్త అక్షరాలను కక్కింది, ఎందుకంటే ఈ ఫైళ్లు అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-16 పద్ధతిలో ఉన్నాయి, వాడు యూటీఎఫ్-8 అనే వేరే పద్ధతి అనుకున్నాడు. రెండోసారి నేను పంపిన మెసేజీలన్నిటికీ నంబరు ఖాళీగా వచ్చింది. వచ్చిన మెసేజీలో పంపినవారి నంబరు ఫైలు లోపలి మొదటి వీకార్డులో ఉంటుంది. పంపిన మెసేజీలో ఆ మొదటి కార్డు ఖాళీ, గ్రహీత నంబరు లోపలి రెండో కార్డులో ఉంటుంది. అది కనిపెట్టడానికి ఒక గంట పట్టింది.

మూడో తప్పు నేను పట్టుకున్నాను. అమ్మ రోజూ తెల్లవారి 6 గంటల 10 నిమిషాలకు పంపే మెసేజీలు అర్ధరాత్రి 12 గంటల 40 నిమిషాలకు వచ్చినట్టు చూపుతున్నాయి. సరిగ్గా ఐదున్నర గంటల తేడా. నోకియా సమయాన్ని గ్రీనిచ్ లెక్కలో రాసింది, మేము దాన్ని మన సమయంగా చదివాము. కాలాన్ని కొలవడంలో కూడా ఈ మూడు ప్లాట్‌ఫాంలు మూడు దారులు పట్టాయి: నోకియా ఫైలు తేదీని మామూలు అంకెల్లో రాస్తుంది, ఆండ్రాయిడ్ 1970 జనవరి 1 నుంచి మిల్లీసెకన్లు లెక్కిస్తుంది, ఐఓఎస్ 6 తన మెసేజీలకు 2001 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కిస్తుంది. ఐఫోన్‌లోకి ఎక్కించాలంటే బ్యాకప్‌లోని డేటాబేసును తెరిచి స్వయంగా రాయాలి. అంత దూరం పోవడం అవసరం లేదని ఆ ప్రయత్నం మానుకున్నాము.

అమ్మ మెసేజీలు 600కు పైగా ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. తెలుగు లిపిలో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లీషులో అయితే 160. పైగా ఆమె ఫోనులోనూ నా ఫోనులోనూ తెలుగు లేదు. "నీళ్లు వచ్చాయి, మోటారు వేశాను, నువ్వు తిన్నావా" అన్నది 2009 మే నెలలో ఒక రోజు మెసేజీ. వేసవిలో నెల్లూరు ఇంట్లో నీటి కష్టం ఎలా ఉండేదో ఆ నెల మెసేజీలన్నీ వరుసగా చదివితే తెలుస్తుంది. మేనల్లుడు చదువుతూ, "అమ్మమ్మ రోజూ మోటారు గురించే రాసేదా?" అన్నాడు.

9 మార్చి, శనివారం

ఇప్పటి ఫోనులోకి చివరి బదిలీ చేశాము. ఆండ్రాయిడ్ 4.4 నుంచి మెసేజీల పెట్టెలోకి రాసే హక్కు ప్రధాన ఎస్సెమ్మెస్ యాప్‌కు మాత్రమే ఉంటుంది, కనుక రిస్టోర్ యాప్‌ను కాసేపు ఆ స్థానంలో కూర్చోబెట్టి, పని ముగిశాక పాతదాన్ని తిరిగి పెట్టాము. 1,912 మెసేజీలూ సరైన తేదీలతో చేరాయి.

పేర్ల దగ్గర ఆలస్యమైంది. సిమ్ నుంచి వచ్చిన తెగిన పేర్లు, ఈ71 నుంచి వచ్చిన పూర్తి పేర్లు రెండూ ఉన్నాయి; నంబరు కలిసిన చోట పూర్తి పేరును ఉంచి, తెగినదాన్ని తీసేశాము. నంబరు కలవని వాటిని నేనే చూశాను. మూడు గంటలు పట్టింది. 19 పుట్టినరోజులను, పెళ్లిరోజులను ఈ71 తెరలో చూస్తూ చేత్తో క్యాలెండరులో నమోదు చేశాను. ఒక్కొక్కటిగా బ్లూటూత్‌లో పంపి, పాత రూపం నుంచి కొత్త రూపంలోకి మార్చడం కంటే ఇదే త్వరగా అయింది. ఆ తర్వాత మొత్తం పేర్లను ఒక వీకార్డ్ ఫైలుగా తీసి ల్యాప్‌టాప్‌లోనూ, ఒక పెన్‌డ్రైవ్‌లోనూ దాచాను. ఖాతాలో ఉన్నది ఖాతాలో ఉంటుంది, ఇది నా దగ్గర ఉంటుంది.

సాయంత్రం వెంకటేశ్వర రెడ్డి గారికి ఫోను చేశాను. పదమూడేళ్ల తర్వాత మొదటిసారి, అవతల పలికేది ఆయనేనని తెలిసి చేశాను. ఆయన ఇప్పుడు కనిగిరిలో ఉంటున్నారట. ఈ71 బ్యాటరీని సగం చార్జింగ్‌లో ఉండగా బయటికి తీసి, ఫోనునూ చార్జరునూ ఒక డబ్బాలో పెట్టి, మూత మీద తేదీ రాశాను.